కాగితానికి సరిపెట్టిన వంక

మా ఆఫీసు అనంతపురంలో ఒక టైర్ల షాపు మీద ఉంటుంది. ఉన్నవి రెండే గదులు. ముందు గదిలో సార్ బల్ల, వెనక గదిలో రెండు కంప్యూటర్లు, గోడ పొడవునా ప్లాటరు. ప్లాటరంటే పెద్ద డ్రాయింగులు ప్రింటు వేసే మిషను. తానులా చుట్టిన కాగితం ఒక పక్క నుంచి లోపలికి పోతుంది, ఇంకో పక్క నుంచి గీతలతో నిండి మెల్లగా జారుతుంది. అది జారుతుంటే చూడడం నాకు చాలా ఇష్టం. ఈ మాట ఇంతవరకూ డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సార్ రిటైరైన ఇంజనీరు. పల్లెల్లో వంకలకు అడ్డంగా కట్టే చిన్న చిన్న చెక్‌డ్యాములకు డిజైన్లు చేసిస్తారు. ఆయన పెన్సిలుతో గీసిచ్చినదాన్ని కంప్యూటర్లో ఎక్కించడం నా పని. ప్రింట్లు తీయడం మాత్రం నాకంటే ముందు నుంచి అక్కడున్న అన్న పని. అన్న ఒక డ్రాయింగు తెరుస్తాడు, ప్రింటు కొడతాడు, అది బయటికి వచ్చేదాకా ఫోను చూసుకుంటాడు, తర్వాత ఇంకోటి తెరుస్తాడు. పాతిక షీట్లుంటే అదొక రోజు పని. ఆయనకు ఏ తొందరా లేదు.

ఆషాఢం గాలులు మొదలైన వారంలో అన్న వాళ్ళ ఊరి జాతరకని సెలవు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ముదిగుబ్బ దగ్గరి పల్లెలకు ఎనిమిది చెక్‌డ్యాముల డ్రాయింగులు పంపాల్సి వచ్చింది. మొత్తం ఇరవై ఆరు షీట్లు. ఎనిమిదీ కట్టేది ఒకే మేస్త్రి, ఒకదాని తర్వాత ఒకటి.

"అన్న లేడు గదమ్మా, ప్రింట్లు నువ్వు తీస్తావా?" అన్నారు సార్.

నేను తల ఊపాను. ఆఫీసులో నేను ఎక్కువగా మాట్లాడేది తలతోనే.

సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చే సహాయం పేజీలను చదివే మనుషులుంటారని అన్న నమ్మడు. నేను చదువుతాను. బస్సులోకని తెచ్చుకున్న లైబ్రరీ పుస్తకం అయిపోతే బొరుగులు కట్టిచ్చిన కాగితం కూడా విప్పి చదివే రకాన్ని. అలా చదువుతూ ఉన్నప్పుడే తెలిసింది, డ్రాయింగులన్నిటినీ ఒక జాబితాలో పెట్టి, సెట్టింగులు ఒక్కసారి చెప్పి, ఒకే మీటతో వరుసగా ప్రింటు వేయించవచ్చని. కాగితం సైజు ఎంత, అడ్డమా నిలువా, ఏ రంగు గీత ఎంత లావుగా పడాలి, స్కేలు ఎంత. ఇవన్నీ ఒక పేరు కింద దాచుకుంటే చాలు. ఇరవై ఆరూ ఆ పేరు మాటే వింటాయి.

పొద్దున పది గంటలకు కూర్చున్నాను. మొదట రంగుల సంగతి చూశాను. మా కంప్యూటర్ల తెర నల్లగా ఉంటుంది. దాని మీద పసుపు గీత ధగధగలాడుతుంది, తెల్ల కాగితం మీద పడితే ఉందో లేదో తెలీదు. మా డ్రాయింగుల్లో వంక గట్లన్నీ పసుపే. అందుకని ఏ రంగైనా నలుపుగానే పడేటట్టు పెట్టాను. గోడల గీతలు లావుగా, కొలతల గీతలు సన్నగా. స్కేలు ఒకటికి యాభై, అంటే నేల మీద యాభై అడుగులు కాగితం మీద ఒక అడుగు. ఒక షీటు తీసి చూశాను. అంతా బాగుంది గాని, షీటు చుట్టూ ఉండే చట్రం గీత కుడి పక్క తెగిపోయింది. ప్లాటరు అంచు దాకా ప్రింటు వేయలేదు, కొంచెం ఖాళీ వదులుతుంది. ఆ తెగిన గీత చూస్తే నా ప్రాణం ఒప్పలేదు. సెట్టింగుల్లో వెతికితే 'ఫిట్ టు పేపర్' అని ఒక గడి కనిపించింది. కాగితానికి సరిపెట్టమని. టిక్కు పెట్టి మళ్ళీ తీశాను. చట్రం నాలుగు పక్కలా నిండుగా, చక్కగా వచ్చింది.

మీట నొక్కి అన్నం తినడానికి కూర్చున్నాను. డబ్బా కడుక్కుని వచ్చేసరికి పన్నెండు షీట్లు బుట్టలో ఉన్నాయి. మధ్యాహ్నం రెండున్నరకల్లా ఇరవై ఆరూ అయ్యాయి. సార్ వచ్చి చూసి, "అప్పుడే అయిపోయిందా? నువ్వు మిషన్‌కి ఏం మంత్రం వేసినావమ్మా?" అన్నారు. నేను నవ్వి ప్లాటరు వైపు తిరిగాను. నా జీవితంలో అంత పొగడ్త అంతకుముందు ఒకసారే వచ్చింది, ఏడో తరగతిలో చేతిరాతకు.

షీట్లను చుట్టి, ప్లాస్టిక్ పైపులో పెట్టి, మూడు గంటల బస్సు డ్రైవరుకు ఇచ్చి వచ్చాను. మా వైపు ఏ వస్తువైనా అలాగే వెళుతుంది. మేస్త్రి సాయంత్రం రోడ్డు మీదకు వచ్చి తీసుకుంటాడు, తెల్లారి మొదటి వంక దగ్గర ముగ్గు పోస్తాడు. అంటే పునాది తవ్వాల్సిన చోట సున్నంతో గీతలు వేస్తాడు. ఆ వెంటనే గడ్డపారలు దిగుతాయి.

నాలుగు గంటలకు పని లేక లైబ్రరీ పుస్తకానికి అట్ట వేసుకుందామని, ఆ ఇరవై ఆరింటితో పాటు దిగి, నలిగిపోయిందని పక్కన పడేసి మళ్ళీ తీసిన ఒక షీటు తీసుకున్నాను. నేరుగా కోయాలని స్కేలు పెట్టాను. స్కేలు అనుకోకుండా డ్యాం గోడ మీదే పడింది. గోడకు మధ్యలో నీళ్ళు నిండి పొర్లే మరవ ఉంటుంది. దాని పొడవు తొమ్మిది మీటర్లని నేనే రాశాను. యాభై వంతుల లెక్కన కాగితం మీద పద్దెనిమిది సెంటీమీటర్లు ఉండాలి. స్కేలు పదిహేడుంబావు దగ్గర ఆగింది.

మూడుసార్లు కొలిచాను. ఇంకో గోడ కొలిచాను, అదీ తక్కువే. అప్పుడు అర్థమైంది, చట్రం తెగకుండా ఉండాలని నేను పెట్టిన టిక్కు చట్రాన్ని ఒక్కదాన్నే కాదు, లోపలున్న వంకనూ గోడనూ అన్నిటినీ కలిపి కుదించింది. ఇరవై ఆరు షీట్లలోనూ, ఒక్కటీ వదలకుండా.

సార్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన షీటు చూసి తేలిగ్గా నవ్వారు. "అంకెలు సరిగా ఉండాయి గదమ్మా. ఎవరైనా అంకె చూసి కడతారు. కాగితాన్ని ఎవరు కొలుస్తారు?" అని కింద మూలన వేలు పెట్టారు. అక్కడ మా డ్రాయింగులన్నిటి మీదా ఉండే మాట ఉంది. డ్రాయింగు మీద కొలవరాదు, రాసిన కొలతలే తీసుకోవలెను.

ఎవరు కొలుస్తారో నాకు తెలుసు.

అంతకు రెండు నెలల ముందు మేస్త్రి మా ఆఫీసుకు వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి, నెత్తికి తువ్వాలు. సార్ డ్రాయింగు పరిచి మీటర్లలో చెబుతుంటే "సరే సార్, సరే సార్" అన్నాడు. సార్ టీకి కిందకు దిగారు. అంతే, మేస్త్రి మొలలోంచి ఒక వెదురు పుల్ల తీసి డ్రాయింగు మీద పెట్టాడు. పుల్ల నిండా సన్నటి గాట్లు. వేలితో ఒక్కో గాటూ లెక్కపెట్టుకుంటూ తల ఎత్తేసరికి, కంప్యూటరు వెనక నుంచి చూస్తున్న నేను కనిపించాను.

"చూడలేదనుకో పాపా," అన్నాడు. "మీ సారుకి తెలిస్తే తిడతాడు. మీటర్లు మీ బడిలోవి. వంకలో మాకు అడుగులే. పాతొంతెన ఒకటి గీసిన కాగితం దొరికింటే, ఆ వంతెనని అడుగుల్లో కొలిచి, దానికి లెక్కగా గాట్లు పెట్టుకున్న్యా. ఒక గాటు ఒక అడుగు. నలభై ఏండ్లాయ, నేను కట్టిన గోడ ఒకటీ పక్కకి పోలేదు."

నేను తల ఊపాను. ఆ మాట సార్‌కు చెప్పలేదు. ఇప్పుడు చెబితే సార్ నమ్ముతారు, కాని మేస్త్రిని తిడతారు కూడా. చెప్పకపోతే తెల్లారేసరికి మరవ అడుగుకు పైగా తగ్గిపోతుంది. మా వంకలు ఏడాదంతా ఇసుకే. నీళ్ళొచ్చే ఒక్క రోజు మాత్రం ఎర్రగా, గట్టు తగిలేటట్టు వస్తాయి. పొర్లే దారి ఇరుకైతే నీళ్ళు గోడను వదిలి పక్క గట్టును కోసుకుని పోతాయి. నలభై ఏళ్ళ పేరు, నేను పెట్టిన ఒక్క టిక్కుతో.

మేస్త్రికి ఫోను చేశాను. నేనుగా ఒకరికి ఫోను చేయడమంటే నాకు ముందు గ్లాసుడు నీళ్ళు తాగాల్సిన పని. తాగి చేశాను. ఎత్తలేదు. మళ్ళీ తాగి మళ్ళీ చేశాను. నాలుగోసారి వాళ్ళావిడ ఎత్తి, "ఫోను ఇంట్లో మేకుకి తగిలిచ్చి పోతాడు మా. దాన్ని ఎత్తుకోని తిరగమంటే బరువంట. రోడ్డు మీద కాగితాలు తీసుకోని అట్లే వంక కాడికి పోతాడు, అన్నం కూడా కట్టిచ్చుకోనే పోయినాడు," అంది.

సార్ ముందుకు వెళ్ళి నిలబడ్డాను. "సరిగా వచ్చిన షీట్లు తీసి రేపు నేనే పోయి ఇచ్చొస్తాను సార్."

సార్ కళ్ళద్దాలు తీసి చూశారు. ఆరు నెలల్లో నేను ఆయనతో అన్న పొడవైన వాక్యం అదే అనుకుంటాను. "బస్సులో పంపితే సరిపోదా?"

"లేదు సార్. నేనే పోతాను."

ఎందుకని ఆయన అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ ఆయన మీద గౌరవం. టిక్కు తీసేసి, మొదటి డ్యాంకు సంబంధించిన మూడు షీట్లు మళ్ళీ తీసుకుని, ఒక్కో గోడా స్కేలు పెట్టి కొలిచి ఇంటికి వెళ్ళాను. చట్రం కుడి పక్క తెగే ఉంది. ఉండనీ అనుకున్నాను.

మొదటి బస్సు ఎక్కాను. ఒళ్ళో పుస్తకం ఉంది గాని, ధర్మవరం రోడ్డు దాటేదాకా ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను. ముదిగుబ్బ దాటి రోడ్డు మీద దిగి, గొర్రెల మంద వెనకే మట్టిదారిన నడిచాను. దారికి రెండు పక్కలా దున్ని పెట్టిన చేలు, వేరుశనగ వేయడానికి వాన కోసం చూస్తున్నవి. గాలి చున్నీని ఒక పక్కకూ, కాగితాల పైపును ఇంకో పక్కకూ లాగుతోంది.

వంక దగ్గరికి చేరేసరికి ఏడున్నర. ముగ్గు పోయడం అయిపోయింది. ఇసుక మీద తెల్లటి గీతలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నేరుగా ఉన్నాయి. పది పన్నెండు మంది ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు పారలు, గడ్డపారలు పట్టుకుని నిలబడ్డారు. మేస్త్రి టెంకాయ కొట్టడానికి రాయి వెతుక్కుంటున్నాడు.

"ఏం పాపా, నువ్వు ఆ కంప్యూటరు పిల్లవి గదా. ఈడికెట్ల వచ్చినావు?"

"బస్సులో తాతా."

"తాతనా? నాకింకా పండ్లన్నీ ఉండాయి."

"ఉండేటివి నాలుగు," అంది పార మీద చేయి పెట్టి నిలబడిన ఒకామె. "ఆ నాలుగు కూడా పుల్ల పెట్టి లెక్కేసినావా మేస్త్రీ?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆగితే ఇక నేను మాట్లాడలేనని తెలుసు. అందుకే నవ్వు మధ్యలోనే అన్నాను. "టెంకాయ కొట్టొద్దు తాతా. ముగ్గు చెరిపేయాల."

అందరూ నా వైపు చూశారు. అంతమంది ఒకేసారి నన్ను చూడడం అదే మొదలు. మేస్త్రి ముఖంలో నవ్వు పోయింది.

"ఏమిటికి చెరపాల?"

"కాగితంలో తప్పుండాది. మరవ అడుగు పైన తగ్గింది."

"నేను నా పుల్లతో కొలిచి పోసినా. అంకెలు ఎవురైనా రాస్తారు పాపా, ఒకటి పోయి ఇంకోటి పడతాది. గీత అబద్ధం చెప్పదు."

"ఆ గీతతోనే అబద్ధం చెప్పించినాను తాతా. నేనే. మిషన్‌లో ఒక గడి ఉంటాది, దాంట్లో టిక్కు పెట్టినా. కాగితంలో పట్టాలని అది అంతా కుంచించేసింది."

ఆయన నమ్మలేదు. నమ్మకపోవడం న్యాయమే. అచ్చువేసిన గీత తనంతట తాను చిన్నదవుతుందని నలభై ఏళ్ళలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. పైపులోంచి కొత్త షీటు తీశాను. గాలి దాన్ని తెరచాపలా ఎత్తింది. నలుగురు ఆడవాళ్ళు పారలు కింద పడేసి నాలుగు మూలలా పట్టుకున్నారు. నిన్నటి షీటును దాని మీద పెట్టి, ఎడమ గట్టు గీతలు రెండూ కలిసేటట్టు సరిచేసి, ఎండకు ఎదురుగా ఎత్తి పట్టమన్నాను. రెండు కాగితాల్లోంచి వెలుగు వచ్చింది. ఎడమ పక్క ఒకటే గోడ. కుడి పక్కకు పోయేకొద్దీ రెండు గోడలు.

"సూడు, మొదటిసారి ఉతికిన నూలు చీర మాదిరి ఉండాది," అంది పళ్ళ మాట అన్న ఆమె. "అంచు కలుస్తాది, కొంగు కాడ చాలదు."

మేస్త్రి షీట్లను ఒక బండ మీద పరిపించి, నాలుగు రాళ్ళు పెట్టించి, మొలలోంచి పుల్ల తీశాడు. నిన్నటి షీటు మీద లెక్కపెట్టాడు. "ఇరవై ఎనిమిదింబావు." కొత్త దాని మీద పెట్టాడు. "ఇరవై తొమ్మిదిన్నర." ఇంకోసారి పెట్టాడు. తర్వాత లేచి వంక పైపక్కకు చూశాడు. అక్కడ ఎప్పుడో ఎవరో కట్టిన పాత డ్యాం ఇసుక మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంది. గోడకు ఏమీ కాలేదు. వంకే పక్క గట్టు కోసుకుని చుట్టూ తిరిగి పోయింది.

"డ్యాం ఆడుండాది, వంక ఈడ పోతాండాది," అన్నాడు మెల్లగా. "దాన్ని సూసి నవ్వని రోజు లేదు నేను." తర్వాత నా పక్కకు వంగి ఎవరికీ వినపడకుండా అడిగాడు. "పుల్ల సంగతి మీ సారుకి చెప్పినావా?"

"చెప్పలేదు. కొత్త షీట్లు ఇచ్చొస్తానని చెప్పి వచ్చినా."

ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, నెత్తికి మళ్ళీ చుట్టుకుని, గట్టిగా అన్నాడు. "చెరపండప్పా. పాప చెప్పింది నిజమే."

"పొద్దన్నే లేపి పోయించుకుంటివి, ఇప్పుడు చెరపమంటావు," అని అందరూ సణిగారు. సణుగుతూనే కాళ్ళతో సున్నాన్ని ఇసుకలో కలిపేశారు. దారం ఒక కొస మేస్త్రి పట్టుకున్నాడు, ఇంకో కొస నాకిచ్చాడు. గాలికి దారం విల్లులా వంగిపోతుంటే, "గట్టిగా పట్టు పాపా, నీ వంక, నువ్వే పట్టాల," అన్నాడు. నేను తొమ్మిది మీటర్లని చెప్పాను, ఆయన ఇరవై తొమ్మిదిన్నర అడుగులన్నాడు, మేకులు రెండూ ఒకేచోట దిగాయి. టెంకాయ కొట్టారు. ఒక చిప్ప నాకిచ్చారు. మొదటి గడ్డపార దిగినప్పుడు తడి ఇసుక వాసన వచ్చింది. పైన ఎంత ఎండినా రెండడుగుల కింద తడి ఉంటుందట. డ్యాముల డ్రాయింగులు ఆరు నెలలుగా గీస్తున్నాను గాని ఆ సంగతి నాకు తెలీదు.

తప్పు షీట్లు ఇరవై ఆరూ వెనక్కి తీసుకుపోతానన్నాను. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఇంత మందం కాగితం అటక మీద పరుచుకోవడానికి ఎక్కడ దొరుకుతుందన్నారు. వీటిని చూసి ఎవరైనా కడితే ఎట్లా అన్నాను. "మా ఇండ్లల్లో ఎవురూ డ్యాము కట్టర్లేమ్మా," అంది నూలు చీర ఆమె. అయినా నమ్మకం చాలక, ఒక్కో షీటు మీదా పెన్నుతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టి పంచాను. మేస్త్రి కూడా ఒకటి అడిగి తీసుకున్నాడు, ఎందుకో చెప్పలేదు.

అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చాడు. "పాపా, ఇంక మీద నాకెట్ల తెలియాల, యాది కుంచుకపోయిన కాగితమో, యాది మంచిదో? ప్రతిసారీ నువ్వు బస్సెక్కి వస్తావా?"

ఆ ప్రశ్నే నేనూ పొద్దున నుంచి ఆలోచిస్తున్నాను. పుల్ల ఇవ్వమని అడిగాను. ఒక క్షణం ఆలోచించి ఇచ్చాడు. అరిగి నున్నగా, గోరువెచ్చగా ఉంది. పది గాట్ల పొడవును నా స్కేలుతో కొలిచాను. ఆరు సెంటీమీటర్ల మీద ఒక మిల్లీమీటరు. పది అడుగులను యాభైతో భాగిస్తే సరిగ్గా అంతే. "ప్రతి షీటులో ఒక మూలన ఇంత గీత పెడతాను తాతా. ఫస్టు దాని మీద నీ పుల్ల పెట్టు. పది గాట్లకు సరిపోతే పని చెయ్యి. సరిపోకపోతే ఫోను చెయ్యి."

"ఫోనా," అన్నాడు దిగులుగా.

"నాకూ ఇష్టం లేదు తాతా," అన్నాను.

తర్వాతి రోజు ఆఫీసులో, అన్ని షీట్లకూ చట్రంగా వాడే మూల డ్రాయింగులో ఆ గీత పెట్టాను. రెండు కొసలకూ చిన్న అడ్డగీతలు, పక్కన 'పది అడుగులు' అని. ఒక్కచోట పెడితే ఇరవై ఆరింట్లోనూ వచ్చింది. జాబితా మొత్తానికీ మీట నొక్కి, మొదటి షీటు దిగగానే స్కేలు పెట్టి చూస్తుంటే వెనక సార్ నిలబడి ఉన్నారు.

"ఇదేందమ్మా, అడుగులు?"

"ప్రింటు కుదించుకపోయిందో లేదో చూసుకోడానికి సార్. కాగితం అందుకున్న వాళ్ళు."

సార్ గీతను చూశారు. దాని పైనే ఉన్న 'కొలవరాదు' అన్న మాటను చూశారు. తర్వాత నన్ను చూశారు. "మేస్త్రి అడిగినాడా?"

నేను తల ఊపబోయి ఆగాను. తలతో అబద్ధం చెప్పడం కష్టం. నిజం చెప్పడం కూడా కష్టమే. "నాకే కావాల సార్," అన్నాను. అది అబద్ధం కాదు.

"సరే. అన్ని పనుల్లోనూ పెట్టు," అని వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ పుల్ల ఆయన దగ్గర ఇంకా ఉందా?" అన్నారు. జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగారు.

షీట్లు మూడు గంటల బస్సులో వెళ్ళాయి. మర్నాడు పొద్దున ఎనిమిదికి, నేనింకా జడ వేసుకుంటుండగా, ఫోను మోగింది. కొత్త నంబరు కాదు. నీళ్ళ గ్లాసు కోసం చూశాను, దగ్గర్లో లేదు, అలాగే ఎత్తాను. అవతల గాలి హోరు, దాని వెనక ఆడవాళ్ళ నవ్వులు.

"పాపా, సగంమంది మొదటిదాని పునాది తవ్వుతాండారు, మేము రెండో వంక కాడుండాము. పది గాట్లకీ సరిపోయింది," అన్నాడు మేస్త్రి. "ముగ్గు పోస్తాండాము."